సగటు తీసే ముందు దశలు కలపండి

రెండు వరి మడులు ఉన్నాయనుకుందాం. ఒకదాంట్లో ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు. సుమారు 120 రోజుల్లో కోతకొస్తుంది. రెండోదాంట్లో బీపీటీ 5204, అదే సాంబ మసూరి. దానికి 150 రోజుల దాకా పడుతుంది. విత్తిన రోజు నుంచి పది రోజులకోసారి పొలానికి వెళ్లి, దుబ్బుకు ఎన్ని పిలకలున్నాయో లెక్కపెట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించారు. మొదటి మడికి 13 లెక్కలు వచ్చాయి, రెండోదానికి 16. ఇప్పుడు రెండింటికీ కలిపి ఒకే సగటు గీత కావాలన్నారు.

ఇలాంటప్పుడు చెయ్యి దానంతటదే పోయే దారి ఒకటుంది. రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టడం, మూడో కాలమ్‌లో ఏవరేజ్ ఫార్ములా కొట్టడం, కిందికి లాగడం. నిమిషంలో పని అయిపోతుంది. షీటు ఎక్కడా ఎర్ర గుర్తు చూపించదు, గ్రాఫు కూడా చక్కగానే వస్తుంది. అందుకే ఈ తప్పు చాలా రిపోర్టుల్లో పట్టుబడకుండా దాటిపోతుంది.

ఈ అధ్యాయంలో మీరు అలవాటు చేసుకోవాల్సింది ఒక్కటే ప్రశ్న: ఒకే వరుసలో ఉన్న అంకెలు ఒకే దశను చెబుతున్నాయా? అవునంటే సగటు తీయండి. కాదంటే ముందు దశలు కలిపి, ఆ తర్వాతే సగటు జోలికి వెళ్లండి. పొడవులు వేరైన వరుసలను ఒకే పొడవుకు తెచ్చే ఈ పనినే రీశాంప్లింగ్ అంటారు. ప్రోగ్రామింగ్ రాకపోయినా మామూలు షీటులోనే చేసుకోవచ్చు.

కొండను చదును చేసిన సగటు

లెక్క సులువుగా తెలియడానికి కొన్ని ఊహాంకెలు తీసుకుందాం. 120 రోజుల మడిలో పిలకలు 50వ రోజున గరిష్ఠంగా 16 అయ్యాయి. అక్కడి నుంచి బలహీనమైనవి చనిపోతూ 60వ రోజుకు 15, 70కి 14, 80కి 13 మిగిలాయి. 150 రోజుల మడి నిదానంగా వెళ్లింది: 50వ రోజున 13, 60కి 14, 70కి 15, 80కి 16.

రోజుకు రోజు కలిపి సగటు తీయండి. 50వ రోజున 14.5. 60వ రోజున 14.5. 70న, 80న కూడా అంతే. నెల రోజుల పాటు గీత బల్లపరుపుగా పోతుంది. రెండు మడుల్లోనూ పిలకలు 16 దాకా వెళ్లి తగ్గాయి. సగటు మాత్రం ఏ మడిలోనూ పెరుగుదల గానీ తరుగుదల గానీ లేనట్టు చూపిస్తోంది. ఇందులో ఏ లెక్కా తప్పు కాదు, కూడికా సరైనదే, భాగహారమూ సరైనదే. పిలకలు తగ్గుతున్న మడిని, పెరుగుతున్న మడిని ఒకే వరుసలో పెట్టడమే తప్పు.

చివర్లో ఇంకో చిక్కు. 120వ రోజున మొదటి మడిలో 11, రెండోదాంట్లో 13 ఉంటే సగటు 12. మొదటి మడి కోత అయిపోయింది కాబట్టి 130వ రోజున దాని గడి ఖాళీ. ఏవరేజ్ ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు, రెండో మడి 13నే సగటుగా ఇస్తుంది. 12 నుంచి 13కి! పంట ముదిరాక పిలకలు పెరిగినట్టు గ్రాఫు చెబుతుంది. పోనీ ఖాళీలో సున్నా వేద్దామంటే సగటు 6.5కి పడిపోతుంది. కోసేసిన మడిలో సున్నా పిలకలు ఉన్నాయనడం కూడా కొలత కాదు.

ఏ కొలబద్ద మీద కలపాలి?

ఫార్ములాకు ముందు ఈ నిర్ణయం. పంట లెక్కలను కలపడానికి కనీసం మూడు కొలబద్దలున్నాయి.

మొదటిది క్యాలెండర్ తేదీ. అక్టోబరు మూడో వారంలో సుడిదోమ ఎంత ఉంది, ఆగస్టులో వాన ఎంత పడింది అన్న ప్రశ్నలకు ఇదే సరైనది. వాన మీ పంట వయసు చూసి పడదు. ఇక్కడ వరుసలను ఒకే పొడవుకు సాగదీయడం తప్పు.

రెండోది మొదలైనప్పటి నుంచి గడిచిన కాలం. మందు చల్లిన తర్వాత మూడో రోజు, ఏడో రోజు పురుగు ఎంత తగ్గిందన్నది ఈ లెక్కలో చూడాలి. భోజనం చేసిన రెండు గంటలకు చక్కెర పరీక్ష చేయించుకోవడం కూడా ఈ కోవదే. అక్కడ గంట అంటే గంటే.

మూడోది మొత్తం ప్రయాణంలో ఎంత శాతం దాటామన్నది. మొదలు సున్నా, ముగింపు వంద. నడకను పరిశీలించే వాళ్లకు ఇది నిత్యకృత్యం. ఒక మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ తాకే వరకు ఒక ఆవృత్తి. ఒకరిది సెకను, ఇంకొకరిది సెకనుంపావు. ఎవరి ఆవృత్తినైనా 0 నుంచి 100 శాతం వరకు 101 బిందువులుగా మార్చి మోకాలి వంపు సగటు తీస్తారు. మామూలు నడకలో పాదం నేలను వదిలేది దాదాపు 60 శాతం దగ్గర. దశ పోలిక ముఖ్యమైనప్పుడు ఈ కొలబద్ద వాడతాం. మన పిలకల ప్రశ్న ఇలాంటిదే.

మీ ప్రశ్న ఏ కొలబద్ద మీద నడుస్తుందో ఒక వాక్యంలో కాగితం మీద రాసుకోండి. రాయలేకపోతున్నారంటే సగటు తీసే సమయం ఇంకా రాలేదు.

షీటులో అడుగడుగునా

ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. షీటులో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఇవే పనిచేస్తాయి.

1. ముడి లెక్కలున్న షీటును ముట్టుకోకండి. దాని నకలు తీసుకుని అందులో పని చేయండి.

2. తేదీలను రోజులుగా మార్చండి. షీటు తేదీని లోపల ఒక అంకెగానే దాచుకుంటుంది కాబట్టి, కొలిచిన తేదీలోంచి విత్తిన తేదీ తీసేస్తే ఎన్నో రోజో వస్తుంది. ఒక జాగ్రత్త: కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే 05/07 అని కొట్టిన జులై 5 కాస్తా మే 7 అవుతుంది, 13/07 లాంటిదేమో తేదీ కాకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోవచ్చు. రోజుల కాలమ్ పై నుంచి కిందికి పెరుగుతూ పోతోందో లేదో ఒకసారి కళ్లతో చూడండి.

3. ఎ కాలమ్‌లో రోజులు, బి కాలమ్‌లో పిలకలు పెట్టండి. కొలవని రోజుకు గడి ఖాళీగా వదలకుండా ఆ వరుసనే తీసేయండి. ఎందుకంటే తర్వాత వాడబోయే ఇండెక్స్ ఖాళీ గడిని లెక్కలో సున్నాగా ఇచ్చేస్తుంది. ఒకే రోజు రెండుసార్లు నమోదైతే రెండింటినీ కలిపి ఒకటి చేయండి, లేకపోతే కింద భాగహారంలో సున్నా వచ్చి కూర్చుంటుంది. కొలతల మధ్య ఎడం సమానంగా ఉండక్కర్లేదు. పది రోజుల తర్వాత పద్నాలుగు రోజులకు వెళ్లినా ఫర్వాలేదు.

4. డి కాలమ్‌లో శాతాలు: 0, 5, 10... 100 వరకు. మొత్తం 21 వరుసలు. రెండు మడులకూ ఇవే.

5. ఇ కాలమ్‌లో ఆ శాతానికి సరిపోయే రోజు: శాతాన్ని 100తో భాగించి మొత్తం పంటకాలంతో గుణించండి. 45 శాతం అంటే మొదటి మడికి 54వ రోజు, రెండోదానికి 67.5వ రోజు.

6. 67.5వ రోజున ఎవరూ పొలానికి వెళ్లలేదు. దానికి ముందు వెళ్లింది 60న, తర్వాత వెళ్లింది 70న. ఆ 60 ఎన్నో వరుసలో ఉందో మ్యాచ్ వెతికిపెడుతుంది. మొదట వెతకాల్సిన రోజు, తర్వాత ఎ కాలమ్ జాబితా, చివర 1 ఇవ్వండి. చివర 1 ఇస్తే, అడిగిన రోజును మించని ఆఖరి లెక్క ఎక్కడుందో చెబుతుంది. ఆ స్థానం ఎఫ్ కాలమ్‌లో ఉంచండి.

7. 100 శాతం దగ్గర ఒక గుంట ఉంది. మ్యాచ్ ఆఖరి వరుసను చూపిస్తుంది, దాని తర్వాతి వరుస ఉండదు. అందుకని మ్యాచ్ ఇచ్చిన స్థానం, మొత్తం లెక్కల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది, ఈ రెంటిలో చిన్నదాన్ని మిన్‌తో తీసుకోండి. గుంట పూడిపోతుంది.

8. ఇండెక్స్‌తో ఆ స్థానంలోని రోజు, పిలకలు తెచ్చుకోండి. స్థానానికి ఒకటి కలిపి తర్వాతి రోజు, పిలకలు కూడా తెచ్చుకోండి. నాలుగు అంకెలకు నాలుగు కాలమ్‌లు. అన్నీ ఒకే ఫార్ములాలో కూరకండి. విడివిడిగా ఉంటే తప్పు ఎక్కడుందో కనబడుతుంది.

9. ఇక ఇంటర్‌పొలేషన్. 60న 14, 70న 15. మనకు కావాల్సిన 67.5 ఆ పది రోజుల దూరంలో ముప్పాతిక దగ్గర ఉంది. తేడా 1లో ముప్పాతిక 0.75. జవాబు 14.75. ఫార్ములాగా చెప్పాలంటే: ముందు విలువకు, రెండు విలువల తేడాను దాటిన భాగంతో గుణించి కలపడం. మొదటి మడికి 54వ రోజున ఇదే లెక్క 15.6 ఇస్తుంది.

10. జాబితాల చిరునామాలకు డాలర్ గుర్తు పెట్టి బిగించండి, ఆ తర్వాతే కిందికి లాగండి. ఇది మరిస్తే జాబితా కూడా వరుసతో పాటు కిందికి జారిపోతుంది.

ఫోర్‌కాస్ట్ ఫంక్షన్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. దానికి మొత్తం కాలమ్ ఇస్తే అన్ని లెక్కల మీదుగా ఒకే సరళరేఖ గీస్తుంది. పెరిగి తగ్గే పిలకలకు అది పనికిరాదు. అటూ ఇటూ ఉన్న రెండు లెక్కలే ఇస్తే మాత్రం మన జవాబే వస్తుంది.

ఇప్పుడు రెండు మడులకూ 21 వరుసలున్నాయి. సగటు తీయండి. 45 శాతం దగ్గర 15.6, 14.75ల సగటు 15.175. 50 శాతం దగ్గర 15, 15.5ల సగటు 15.25. మొదటి పద్ధతిలో అణగిపోయిన కొండ కాస్త లేచింది. కానీ రెండు మడులూ 16 దాకా వెళ్లి కిందికి దిగినవే కదా, ఇంకా ముప్పాతిక తక్కువెందుకు?

ఒకే సాగదీత చాలదు

కారణం వరి మొక్కలోనే ఉంది. మన ఉష్ణమండలపు వరిలో వెన్ను అంకురం ఏర్పడినప్పటి నుంచి పూత వరకు సుమారు 35 రోజులు, పూత నుంచి కోత వరకు సుమారు 30 రోజులు పడుతుంది. స్వల్పకాలిక రకమైనా దీర్ఘకాలిక రకమైనా ఈ 65 రోజులు పెద్దగా మారవు. పంటకాలంలో వచ్చే తేడా దాదాపు అంతా అంకురానికి ముందు, ఆకులు వేసి పిలకలు తొడిగే దశలోనే వస్తుంది.

ఆ లెక్కన 120 రోజుల రకం 55వ రోజున అంకుర దశకు వస్తుంది. అంటే 46 శాతం దగ్గర. 150 రోజుల రకం 85వ రోజున, 57 శాతం దగ్గర. పూత ఒకదానికి 75 శాతం, ఇంకోదానికి 80. మొదలూ చివరా కలిపేశాం కానీ మధ్యలోని మైలురాళ్లు కలవలేదు. మొత్తాన్ని సమానంగా సాగదీస్తే, సాగని భాగాన్ని కూడా సాగదీసినట్టయింది.

అందుకే ప్రతి దశనూ విడిగా సాగదీయాలి. కొలబద్ద మీద అంకురానికి 50, పూతకు 75, కోతకు 100 అని మనమే స్థానాలు ఇద్దాం. చిన్న పట్టిక ఒకటి వేయండి. శాతం కాలమ్‌లో 0, 50, 75, 100. మొదటి మడి రోజులు 0, 55, 90, 120. రెండో మడివి 0, 85, 120, 150. ఇప్పుడు ఇ కాలమ్‌లో రోజును మొత్తం పంటకాలంతో గుణించి కాకుండా, ఈ పట్టిక నుంచి ఇంటర్‌పొలేషన్‌తో తీసుకోండి. కొత్త ఫార్ములా ఏదీ అక్కర్లేదు. ఆరు నుంచి తొమ్మిది వరకు చేసిన పనే రెండుసార్లు చేస్తున్నాం: ఒకసారి శాతం నుంచి రోజుకు, ఇంకోసారి రోజు నుంచి పిలకలకు.

45 శాతం దగ్గర చూడండి. మొదటి మడికి 49.5వ రోజు, రెండోదానికి 76.5వ రోజు. మొదటి మడిలో 40వ రోజున 11 పిలకలు ఉండి ఉంటే 49.5వ రోజుకు 15.75. రెండోదాంట్లో 15.65. సగటు 15.7. బల్లపరుపు 14.5 నుంచి 15.25కి, అక్కడి నుంచి 15.7కి వచ్చాం. మిగిలిన కొద్ది తేడాకు కారణం తెలుసు: మన బిందువులు సరిగ్గా శిఖరం మీద పడలేదు, రెండు శిఖరాలూ అచ్చంగా ఒకే చోట లేవు. ఆ మాత్రం తేడా నిజమైనదే, దాన్ని చెరపాలని చూడకండి.

మైలురాళ్ల తేదీలు పొలంలో చూసి రాసుకున్నవి అయి ఉండాలి. అంకురం బయటికి కనబడదు, పెద్ద పిలక కాడను నిలువునా చీల్చి చూడాలి. అది కుదరకపోతే సగం మొక్కలు పూతకొచ్చిన తేదీ ఒక్కటైనా రాసుకోండి. పుస్తకంలో ఉన్న పంటకాలాన్ని నమ్ముకుంటే యాసంగిలో దెబ్బతింటారు. చలికి నారు ఎదగక అదే రకం ఎక్కువ రోజులు తీసుకుంటుంది.

చేయకూడనివి నాలుగు

లేని వివరాన్ని సృష్టించకండి. 13 లెక్కలను 101 బిందువులుగా మారిస్తే గీత నునుపుగా వస్తుంది, సమాచారం మాత్రం 13 లెక్కలదే. నడక పరిశోధకులు సెకనుకు వంద కొలతలు తీసుకుంటారు కాబట్టి వాళ్లకు 101 చెల్లుతుంది. మనకు 21 ఎక్కువే. అలాగే పక్కపక్క బిందువులు ఒకదానిమీద ఒకటి ఆధారపడినవి. ప్రామాణిక విచలనం లెక్కించేటప్పుడు సంఖ్య అంటే మడుల సంఖ్య, వరుసల సంఖ్య కాదు.

మరీ దట్టమైన లెక్కల్లోంచి ఒక్కొక్కటి ఏరుకోకండి. పది నిమిషాలకోసారి తేమ చెప్పే సెన్సర్ ఉంటే, ఇంటర్‌పొలేషన్ వాటిలో రెండింటిని మాత్రమే వాడుకుని మిగతావి వదిలేస్తుంది. ఆ రెండూ పొరపాటు కొలతలైతే మీ జవాబూ పొరపాటే. ముందు ఏవరేజ్‌ఇఫ్స్‌తో రోజు సగటులు తీసి, ఆ తర్వాత సాగదీయండి.

మొత్తాలను నేరుగా సాగదీయకండి. పిలకల సంఖ్య ఒక క్షణానిది. పది రోజుల్లో పెట్టిన నీరు ఆ పది రోజులదీ. దాన్ని ఇలాగే ఇంటర్‌పొలేట్ చేస్తే చివర్లో కూడినప్పుడు పెట్టిన నీటికీ షీటులోని నీటికీ పొంతన ఉండదు. ముందు మొదటి నుంచి అప్పటివరకు పెట్టిన మొత్తం నీరు ఒక కాలమ్‌లో కూడుకుంటూ పోండి. ఆ కాలమ్‌ను సాగదీయండి. తర్వాత వరుసకూ వరుసకూ తేడా తీయండి. మొత్తం చెక్కుచెదరదు.

పొడవును పారేయకండి. అన్నీ వంద శాతం చేశాక 120 రోజుల పంట, 150 రోజుల పంట ఒకేలా కనిపిస్తాయి. రైతుకు ఆ 30 రోజుల తేడా చిన్నది కాదు. రెండో పంటకు నీళ్లు అందుతాయా లేదా అన్నది దాని మీదే ఉంటుంది. పంటకాలాన్ని, మైలురాళ్ల తేదీలను వేరే పట్టికలో గ్రాఫు పక్కనే చూపించండి.

తెలిసిన జవాబుతో పరీక్ష

షీటు సరిగ్గా పనిచేస్తోందని ఎలా నమ్మాలి? జవాబు ముందే తెలిసిన లెక్క ఇచ్చి చూడాలి. ఒక దొంగ మడి తయారు చేయండి. ప్రతి రోజు పక్కనా పిలకల బదులు, ఆ రోజుకు పంటకాలంలో ఎంత శాతం గడిచిందో రాయండి. 120 రోజుల దానికి 30వ రోజున 25, 60న 50. 150 రోజుల దానికి 60న 40, 90న 60. మొత్తాన్ని సమానంగా సాగదీసే షీటులో దీన్ని పెడితే, రెండు మడులకూ జవాబు కాలమ్‌లో 0, 5, 10... 100 అచ్చంగా రావాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ తప్పుంది. ఎక్కువగా చివరి వరుసలోనో, డాలర్ గుర్తు మరిచిన చోటో దొరుకుతుంది.

మైలురాళ్ల షీటుకు ఇంకా చిన్న పరీక్ష చాలు. 50, 75, 100 శాతాల దగ్గర ఇ కాలమ్‌లో మీరు పొలంలో రాసుకున్న రోజులే తిరిగి రావాలి.

ఈ వారం సాధన

మీ దగ్గరే ఉన్న, పొడవులు వేరైన రెండు వరుసలు తీసుకోండి. రెండు బ్యాచుల కోళ్ల బరువులు కావచ్చు, రెండు కాన్పుల మధ్య గేదె ఇచ్చిన పాలు కావచ్చు, పూర్తి చేసిన రెండు ప్రాజెక్టుల ఖర్చు కావచ్చు.

మొదట కొలబద్ద ఏదో ఒక వాక్యంలో రాయండి. తర్వాత మూడు సగటులు తీయండి: వరుసకు వరుసగా, మొత్తాన్ని సమానంగా సాగదీసి, మైలురాళ్లు కలిపి. మూడు గీతలనూ ఒకే గ్రాఫు మీద వేయండి. మూడూ దాదాపు ఒకటే అయితే మొదటి సులువు పద్ధతే మీకు చాలు, మిగతా శ్రమ అక్కర్లేదు. వేరుగా ఉంటే ఎక్కడ విడిపోయాయో చూడండి. మీ రెండు వరుసలు దశల్లో విడిపోయింది దాదాపు అక్కడే.

రిపోర్టులో గ్రాఫు కింద మూడు ముక్కలు రాయడం మరవకండి: ఎన్ని వరుసల సగటు, వాటి అసలు పొడవులెంత, ఏయే మైలురాళ్ల దగ్గర కలిపారు. ఆ మూడూ ఉంటే ఎవరైనా మీ షీటు తెరిచి అదే గీతను మళ్లీ గీయగలరు.